వాయిద్యం కొనేముందు, దాన్ని బాగుచేసే మనిషి ఎక్కడున్నాడో కనుక్కోండి

మా అమ్మాయికి ఏడేళ్లు నిండగానే వయొలిన్‌ క్లాసులో చేర్పించాం. మొదటి వయొలిన్ నేనే కొన్నా, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఆఫర్ చూసి. పెట్టె, కమాను, దాని వెంట్రుకలకి రుద్దే రోజిన్ అన్నీ కలిపి వచ్చాయి, పైగా తళతళా మెరిసిపోతోంది. మర్నాడు మాస్టారు దాన్ని ఒళ్లో పెట్టుకుని తీగని బిగించే బిరడ తిప్పారు. తీగ బిగిసింది. చెయ్యి తీయగానే బిరడ గిర్రున వెనక్కి తిరిగిపోయింది. మళ్లీ తిప్పారు, మళ్లీ అంతే. నాలుగోసారికి దాన్ని పక్కన పెట్టి "ఎక్కడ కొన్నారండీ ఇది?" అన్నారు, నేను చెప్పలేదు, ఆయన మళ్లీ అడగలేదు.

తర్వాత మా ఊరి మ్యూజిక్ షాపులో లోపల బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన ఆ బిరడల్ని అరగదీసి, తీగల్ని ఎత్తి పట్టే గుర్రం (బ్రిడ్జి) కొత్తది చెక్కి నిలబెట్టి, తీగలన్నీ మార్చాక అది వయొలిన్ అయింది. ఆఫర్‌లో మిగిలిన డబ్బంతా అక్కడే అయిపోయింది, ఇంకొంచెం పైన వేశాను కూడా. అప్పట్నుంచీ ఎవరు అడిగినా నా మాట ఒకటే: ఏ కంపెనీ, ఎంత డిస్కౌంట్ అని చూసే ముందు, చెడిపోతే బాగుచేసే మనిషి మీకు ఎంత దూరంలో ఉన్నాడో చూడండి. తీగల వాయిద్యమైనా, తోలు వాయిద్యమైనా, హార్మోనియమైనా ఏదో ఒక రోజు బల్ల ఎక్కాల్సిందే. షాపులో వెయ్యి ఎక్కువైనా ఫరవాలేదు, అక్కడ ఆ బల్ల ఉంటే చాలు.

ఆ మనిషిని ఎలా పట్టుకోవాలంటే, నెట్‌లో వెతక్కండి, పెద్దగా దొరకరు. నేర్పే మాస్టారిని అడగండి, లేదా దగ్గర్లో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంటే వెళ్లి అక్కడి అధ్యాపకుల్ని అడగండి. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919 నుంచీ నడుస్తోంది. అలాంటి చోట్ల రోజూ వాయించేవాళ్లకి మృదంగానికి మూతలు ఎవరు బాగా వేస్తారో, వీణకి మెట్లు ఎవరు సరిగ్గా కూర్చుతారో నోటికి వచ్చి ఉంటుంది.

అద్దెకి తీసుకోవాలా?

పిల్లల వయొలిన్ అయితే నా ఓటు అద్దెకే. పావు, అర, ముప్పావు అని సైజులుంటాయి, తర్వాత ఫుల్ సైజు. ఏడెనిమిదేళ్లప్పుడు అర సైజు పట్టుకున్న పిల్ల రెండేళ్లు తిరిగేసరికి ముప్పావుకి వస్తుంది, ఈలోపు చెయ్యి సాగితే ఇంకా ముందే. ప్రతి సైజూ కొంటూ పోతే అటక మీద వయొలిన్ల కుటుంబం తయారవుతుంది. సైజు చూడటం తేలిక. వయొలిన్ని గడ్డం కింద పెట్టి ఎడమ చెయ్యి పూర్తిగా చాపమనండి, చుట్ట తిరిగిన ఆ చివరి భాగం అరచేతి మధ్యకో మణికట్టు దగ్గరికో రావాలి. వేళ్లు దాటి పోతోందంటే పెద్దది. మన పద్ధతిలో కింద కూర్చుని పాదం మీద ఆనించి వాయిస్తారు కదా, అయినా చెయ్యి కొలత కొలతే.

నెలవారీ అద్దెకి అన్ని షాపులూ ఇవ్వవు. చాలాచోట్ల అద్దె అంటే కీబోర్డు, డ్రమ్స్, సౌండ్ సిస్టమ్ ఫంక్షన్లకి రోజుకింత అని ఇవ్వడమే. కానీ అడగండి. రోజూ కనపడే షాపు అయితే, అందులోనూ మాస్టారి పేరు చెబితే, ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. ఒప్పుకుంటే మాత్రం మొహమాటపడకుండా కొన్ని కాగితం మీద పెట్టించండి: డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, తీగ తెగితే ఎవరి ఖర్చు, తర్వాత అదే కొనుక్కుంటే కట్టిన అద్దెలో ఎంత తగ్గిస్తారు. ఈ చివరిది ముందే మాట్లాడుకోవాలి, తర్వాత ఎవరూ ఒప్పుకోరు. ఆధార్ జిరాక్స్ ఇవ్వండి, అసలు కార్డు వదిలి రాకండి. ఇంటికి తెచ్చే ముందు షాపులోనే వాయిద్యం చుట్టూ ఫోన్‌తో ఒక వీడియో తీసి, ఉన్న గీతలూ పగుళ్లూ అన్నీ పడేలా, అక్కడికక్కడే షాపువాళ్ల వాట్సాప్‌కి పంపేయండి. ఏడాది అద్దె కొత్తదాని ధరలో సగం దాటుతోందంటే ఇక అద్దె మానేసి కొనేయడమే, ఇది నేను పెట్టుకున్న లెక్క.

కొనేటప్పుడు

మీకు వాయించడం రాకపోతే వచ్చినవాళ్లని తీసుకెళ్లండి, వాళ్లకి టిఫిన్ పెట్టించినా మీకే లాభం. ఎవరూ దొరక్కపోతే ఇవి చూడండి.

వయొలిన్‌లో మొదట బిరడలు. నాలుగూ తిప్పి, శ్రుతి చేయించి, పది నిమిషాలు అలా వదిలేయండి. మళ్లీ మీటినప్పుడు శ్రుతి అక్కడే ఉండాలి. తర్వాత ఫోన్ టార్చి వేసి పైనున్న పొడుగాటి రంధ్రంలోంచి లోపలికి చూడండి, చిన్న కర్ర ఒకటి నిలువుగా ఉంటుంది, సౌండ్ పోస్ట్ అంటారు. దానికి జిగురు ఉండదు, బిగువు మీదే నిలబడుతుంది. అందుకే ఇంట్లో తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పకూడదు, ఒకటి తీసి ఒకటి వేసుకోవాలి, లేకపోతే గుర్రం పడిపోతుంది, ఒక్కోసారి ఆ కర్ర కూడా పడిపోతుంది. ఇంకో సంగతి, కొత్త కమానుతో వాయిస్తే అసలు శబ్దమే రాదు. చెడిపోయిందని చాలామంది టెన్షన్ పడి షాపుకి పరిగెత్తుతారు. ఏం లేదు, కమాను వెంట్రుకలకి రోజిన్ పట్టలేదంతే. కొత్త రోజిన్ బిళ్ల గాజులా నున్నగా ఉంటుంది, ఉప్పుకాగితంతో పైన కాస్త గీకి, అప్పుడు ఓపిగ్గా రుద్దండి.

హార్మోనియం సంగతి నాకు బాగా తెలుసు, మా వీధి భజన బృందంలో పదిహేనేళ్లుగా పెట్టె నా దగ్గరే ఉంటుంది కాబట్టి. షాపులో ముందు వాయించకండి. ముందున్న నాబ్‌లన్నీ లోపలికి నొక్కి మూసేసి, తిత్తి నాలుగైదుసార్లు కొట్టి గాలి నింపి, చెయ్యి తీసి ఊరుకోండి. గాలి వెంటనే జారిపోతే ఎక్కడో లీకుంది, ఆ పెట్టె వద్దు. తర్వాత నాబ్‌లు లాగి, ఏ మెట్టూ నొక్కకుండా గాలి కొట్టండి. అప్పుడేమైనా మోగిందంటే ఆ మెట్టు కింద మూత సరిగ్గా కూర్చోవడం లేదు. ఇక ఒక్కో మెట్టూ మెల్లగా నొక్కుకుంటూ ఈ చివర నుంచి ఆ చివర దాకా పోండి, నల్లవీ తెల్లవీ అన్నీ, తొందరపడకండి, షాపాయన వాచీ చూసుకున్నా సరే. అన్నీ ఒకే లోతుకి దిగాలి, ఒకే వేగంతో లేవాలి. భజనకీ పిల్లల పాఠానికీ స్కేల్ చేంజర్ పెట్టె అక్కర్లేదని నా అభిప్రాయం. శ్రుతి మార్చుకోవడానికి సుఖమే, కానీ లోపల కదిలే సామాను ఎక్కువ, బరువు ఎక్కువ, రిపేరుకీ ఎక్కువ తీసుకుంటారు.

వీణ కొనేవాళ్లకి బొబ్బిలి పేరు చెప్పక్కర్లేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి ఒకే చెక్కతో చేస్తారు, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. అయితే అక్కడ బహుమతులుగా ఇచ్చుకునే చిన్న చిన్న వీణలు కూడా చేస్తారు, అవి అల్మారాలో పెట్టుకోవడానికి, వాయించడానికి కాదు, ఫొటో చూసి ఆర్డర్ పెట్టేవాళ్లు కొలతలు అడగండి. వాయించే వీణ కొంటుంటే ఇరవైనాలుగు మెట్లూ ఒక్కొక్కటే మీటించి వినండి, ఎక్కడా తీగ గరగరలాడకూడదు. ఆ మెట్లు కూర్చునేది మైనం మీద, బొగ్గుపొడి కలిపిన నల్ల మైనం. ఎండకి మైనం మెత్తబడుతుంది, మెట్టు జరుగుతుంది, స్వరం తప్పుతుంది. మే నెలలో కారు డిక్కీలో వీణ పెట్టి తిరుపతి తీసుకెళ్లినవాళ్లు నాకు తెలుసు, వచ్చాక మేళం, అంటే మెట్ల వరస మొత్తం, మళ్లీ కట్టించుకున్నారు. అది ఒక పూటలో అయ్యే పని కాదు, చెవి ఉన్నవాడు కూర్చుని మెట్టు మెట్టుకీ శ్రుతి చూసుకుంటూ చేయాలి.

మృదంగానికి శ్రుతి తెలియకుండా షాపుకి వెళ్లొద్దు. ఒకటి శ్రుతి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదు అంటే జి. మగవాళ్లు సాధారణంగా ఒకటీ రెండూ మధ్య పాడతారు, ఆడవాళ్లు ఐదూ ఆరూ దగ్గర. హెచ్చు శ్రుతికీ తగ్గు శ్రుతికీ మృదంగాలే వేరు, ఒకదాన్ని సాగదీసి రెండోదానికి వాడదామంటే మూత చిరుగుతుంది. కుడివైపు మధ్యలో ఉండే నల్లటి పూత, కరణి, నిండుగా, అంచులు లేవకుండా ఉండాలి. ఎడమవైపుకి బొంబాయి రవ్వ తడిపి పెడతారు కదా, వాయించడం అయ్యాక ఆ రవ్వ గీకి తుడిచేయండి, అలాగే వదిలేస్తే తోలు పాడవుతుంది, ఎలకలు కూడా వస్తాయి. ఇది ఊరికే చెప్పడం లేదు, మా పక్కింటి మృదంగానికి ఎడమ మూత ఒక్క రాత్రిలో పోయింది.

గిటార్, కీబోర్డు గురించి యూట్యూబ్‌లో కావలసినంత ఉంది కాబట్టి నాలుగు ముక్కలే. గిటార్‌లో పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే పిల్లల వేళ్లు పుండ్లు పడి నెలకే మానేస్తారు. నైలాన్ తీగల గిటార్‌కి స్టీల్ తీగలు ఎప్పుడూ వేయకండి, ఆ లాగుడికి బ్రిడ్జి ఊడి వచ్చేస్తుంది. కీబోర్డు నేర్చుకోవడానికైతే అరవైఒక్క కీలు, గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికే టచ్ ఉన్నది చూడండి. పాతది కొంటుంటే ప్రతి కీ నొక్కి చూడాలి. ఏదైనా పలక్కపోయినా, మెల్లగా నొక్కినా గయ్యిమన్నా, చాలాసార్లు లోపల రబ్బరు పట్టీకి దుమ్ము పట్టి ఉంటుంది, చిన్న రిపేరే, కానీ ఆ పేరు చెప్పి ధర తగ్గించమనండి. పాతవాటికి మంచి కాలం జూలై. వేసవి క్యాంపుల్లో మోజుపడి కొన్న గిటార్లూ కీబోర్డులూ బడులు తెరిచాక అమ్మకానికి వస్తాయి, కొన్నిటికి ప్లాస్టిక్ కవరు కూడా తీసి ఉండరు.

రిపేరుకి ఇచ్చేటప్పుడు

కొన్ని ఇంట్లోనే అవుతాయి. బిరడ జారుతుంటే బడి సుద్దముక్క రుద్దండి, బిగుసుకుపోతే పొడి సబ్బు ముక్క. కొబ్బరినూనె మాత్రం వద్దు, ఒకసారి పీల్చుకుందంటే ఆ బిరడ ఇక నిలవదు. హార్మోనియంలో ఒక స్వరం ఉన్నట్టుండి మూగబోతే రీడు (గాలికి మోగే లోహపు పలక) నాలుక కింద దుమ్ము ఇరుక్కుని ఉండొచ్చు. పెట్టె విప్పి పల్చటి కాగితం ముక్క మెల్లగా దాని కిందికి పోనిచ్చి లాగండి, చాలాసార్లు అంతటితో పోతుంది. రీడుని గీకి శ్రుతి చేసే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. పెట్టెలో గుడ్డమూట కట్టి రెండు కలరా ఉండలు పడేస్తే పురుగు రాదు. వయొలిన్ అతుకు విడిపోతే క్షణాల్లో అంటుకునే జిగురు వేయకండి. అతుకు విడివడేలా, మళ్లీ విప్పి అతికేలా వాడే జిగురే వేరు, మీరు గట్టి జిగురు వేస్తే రేపు విప్పినప్పుడు అతుకు బదులు చెక్క చీలుతుంది.

మిగతావి షాపుకే. ఇచ్చేటప్పుడు ఫొటో తీసుకోండి, ఏం చేయాలో, ఎంత అవుతుందో, ఏ తేదీకి ఇస్తారో చీటీ మీద రాయించుకోండి, దాటితే ముందు ఫోన్ చేయమనండి. మార్చిన పాత విడిభాగాలు తిరిగి ఇమ్మనండి, అడిగేవాళ్లకి కొత్తవే వేస్తారు, ఎందుకో మీకే తెలుసు. త్యాగరాజ ఆరాధన ముందు మృదంగాలు, దసరా ముందు హార్మోనియాలు, క్రిస్మస్ ముందు చర్చిల కీబోర్డులు బల్ల మీద గుట్టలుగా పడి ఉంటాయి, ఆ వారాల్లో ఇస్తే పని ఆలస్యమవుతుంది, లేదా హడావుడిగా అవుతుంది. వానాకాలం తోలుపని నిదానంగానే సాగుతుంది, తోలు ఆరాలి కదా.

తిరిగి తెచ్చుకునేటప్పుడు అక్కడే పది నిమిషాలు వాయించి చూడండి. మర్నాడు ఇంట్లో తీస్తే శ్రుతి దిగిపోయి ఉంటుంది. కొత్త తీగలు వేశారంటే అది రిపేరు తప్పు కాదు, కొత్త తీగ రెండు మూడు రోజులు సాగి అప్పుడు నిలబడుతుంది, రోజూ కాస్త బిగించుకుంటే సరి. ఇది తెలియక నేను మొదట్లో రెండుసార్లు ఆ పెద్దాయన బల్ల దగ్గరికి వెళ్లి గొంతు పెంచాను. రెండుసార్లూ ఆయన ఏమీ అనకుండా బిరడ అర చుట్టు తిప్పి నా చేతికిచ్చారు, డబ్బులు తీసుకోలేదు.