కొమ్మలున్న ఆల్కేన్‌కు పేరు పెట్టడం

ఆల్కేన్ అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండి, అన్నీ ఏకబంధాలే ఉన్న అణువు. ముందు అతి పొడవైన కార్బన్ గొలుసు వెతకండి. అది తిన్నగానే ఉండాలనేం లేదు, మలుపులు తిరగొచ్చు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ‘2-ఇథైల్‌పెంటేన్’ అని (ఐదు కార్బన్ల గొలుసులో రెండోదానికి ఇథైల్, అంటే రెండు కార్బన్ల కొమ్మ) రాశారా? ఆ ఇథైల్ మీదుగా వేలుపెట్టి లెక్కపెట్టండి, ఆరు కార్బన్లు తేలతాయి. మూడో కార్బన్‌కు ఒక కార్బన్ కొమ్మ (మిథైల్) మిగులుతుంది కాబట్టి అసలు పేరు 3-మిథైల్‌హెక్సేన్.

తర్వాత గొలుసు కార్బన్లకు రెండు చివరల నుంచీ అంకెలు వేసి, కొమ్మలు ఏ అంకెల దగ్గర వస్తాయో చూడాలి. పెట్రోలు ఆక్టేన్ కొలతలో 100 విలువ ఇచ్చిన ఐసోఆక్టేన్‌కు ఒకవైపు నుంచి 2,2,4, మరోవైపు నుంచి 2,4,4 వస్తాయి. తేడా రెండో అంకెలో మొదలైంది; అక్కడ చిన్నదే గెలుస్తుంది. కాబట్టి 2,2,4-ట్రైమిథైల్‌పెంటేన్. ఒకే కార్బన్‌కు రెండు మిథైళ్లున్నా 2ను రెండుసార్లు రాయాల్సిందే.

కొమ్మల వరుస ఇంగ్లిష్ అక్షరక్రమంలో. ఒకే కొమ్మ రెండు, మూడు సార్లుందని చెప్పే డై, ట్రై లెక్కలోకి రావు. ‘డి’ని చూసి డైమిథైల్‌ను ముందుకు లాగొద్దు: 4-ఇథైల్-2,2-డైమిథైల్‌హెక్సేన్. అంకెల మధ్య కామా, అంకెకూ పేరుకూ మధ్య హైఫన్.