విదేశీ థీమ్ పార్కుల్లో ఉద్యోగం – 4వ పాఠం: రెండు సెంటీమీటర్లు తక్కువైతే

పోయిన పాఠంలో ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎలా చూసుకోవాలో నేర్చుకున్నాం. ఏజెంటు సర్వీస్ ఛార్జీ ఎక్కువలో ఎక్కువ 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే దండం పెట్టి బయటికి వచ్చేయమన్నాను. ఇప్పుడు మీ సీవీ నచ్చి వీడియో ఇంటర్వ్యూకి పిలిచారు అనుకుందాం. ఈ పాఠమంతా ఆ కాసేపటి గురించే.

అబుదాబిలోని యాస్ ద్వీపాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. 2010లో ఫెరారీ వరల్డ్, 2013లో యాస్ వాటర్‌వరల్డ్, 2018లో వార్నర్ బ్రదర్స్ వరల్డ్, 2023లో సీవరల్డ్ అక్కడ తెరిచారు. ఫెరారీ వరల్డ్‌లోని ఫార్ములా రోస్సా గంటకు 240 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఎక్కేవాళ్లకి కళ్లద్దాలు ఇస్తారు. ఆ వేగంలో చిన్న పురుగు తగిలినా కన్ను దెబ్బతింటుంది మరి. ‘మా పార్కు గురించి ఏం తెలుసు?’ అని అడిగితే పేర్లూ సంవత్సరాలూ అప్పజెప్పకండి, ఈ కళ్లద్దాల సంగతి చెప్పండి. రైడ్‌ని రైడ్‌లా కాకుండా పనిలా చూస్తున్నారని వాళ్లకి అర్థమవుతుంది.

ముందుగా ఏ పనికి అప్లై చేశారో మీకు తెలిసి ఉండాలి. నవ్వకండి, తెలియకుండా కూర్చున్నవాళ్లని చూశాను. చాలా పార్కుల్లో రైడ్ అటెండెంట్ అంటే క్యూ చూసేవాడు, ఎత్తు కొలిచేవాడు, ఒళ్లో పడే బార్ సరిగ్గా పడిందో లేదో లాగి చూసేవాడు. ఆపరేటర్ ప్యానెల్ దగ్గర ఉంటాడు. అటెండెంట్లు బొటనవేలు పైకెత్తి సైగ చేశాకే బటన్ నొక్కుతాడు. కొత్తవాళ్లని ఎక్కువగా తీసుకునేది అటెండెంట్‌గానే. గేమ్స్, రిటైల్, ఎఫ్ అండ్ బి (తిండి, పానీయాలు) కౌంటర్లు వేరే దారి. లైఫ్‌గార్డ్‌కి ఈత పరీక్ష ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. రైడ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఏదో ఒక రూపంలో ఇది ఎదురవుతుంది. ‘ఈ రైడ్‌కి కనీస ఎత్తు 130 సెంటీమీటర్లు. పాప 128 ఉంది. గంటసేపు క్యూలో నిలబడి వచ్చారు. నాన్న కోప్పడుతున్నాడు. ఏం చేస్తారు?’

నా మొదటి ఇంటర్వ్యూలో దీనికి నేను చెప్పిన జవాబు: ‘రెండు సెంటీమీటర్లే కదా సర్, గెస్ట్ హ్యాపీగా ఉండాలి, పంపిస్తాను.’ అడిగినాయన ‘థాంక్యూ’ అన్నాడు. నేనింకా మంచి మార్కులు పడ్డాయనుకుంటున్నాను. అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది.

ఎక్కడ తప్పాను? ఆ 130 పార్కువాళ్లు సరదాకి పెట్టిన అంకె కాదు. ఆ బార్ ఎంత శరీరాన్ని పట్టి ఉంచగలదో చూసి రైడ్ తయారుచేసిన కంపెనీ కనీస ఎత్తు చెబుతుంది. దాన్ని తగ్గించే అధికారం అటెండెంటుకు లేదు, మేనేజరుకూ లేదు. ‘కుదరదు, రూల్’ అని మొహం మీద చెప్పినా మార్కులు పడవు. వాళ్లు చూసేది మీరు కాదంటారా లేదా అన్నది ఒక్కటే కాదు, ఎలా కాదంటారన్నది కూడా.

ఇలా చెప్పి చూడండి. ముందు మోకాళ్ల మీద కూర్చుని పాపతో మాట్లాడతాను. తిన్నగా నిలబెట్టి, మడమలు నేలకి ఆనించి, ఇంకోసారి కొలుస్తాను. తర్వాత నాన్నతో: ‘సర్, ఫర్ హర్ సేఫ్టీ ఐ కెనాట్ అలౌ. ద బార్ విల్ నాట్ హోల్డ్ హర్ ప్రాపర్లీ. లెట్ మి షో యూ ఎ రైడ్ షి కెన్ ఎంజాయ్.’ అప్పటికీ వినకపోతే సూపర్‌వైజర్‌ని పిలుస్తాను, గొంతు పెంచను. తప్పు పాపది కాదు, బార్‌ది అన్నట్టు మాట రావాలి. ‘షి ఈజ్ టూ షార్ట్’ అన్నారో, పాప ఏడుస్తుంది, నాన్న ఇంకా రెచ్చిపోతాడు.

రెండో రకం ప్రశ్న ‘టెల్ మి అబౌట్ ఎ టైమ్’ అని మొదలవుతుంది. అంటే మీ జీవితంలో నిజంగా జరిగింది చెప్పమని. ‘ఐ యామ్ హార్డ్ వర్కర్’ అనకండి, విని విని వాళ్ల చెవులు చిల్లులు పడ్డాయి. బస్టాండ్ దగ్గర టిఫిన్ సెంటర్లో పనిచేశారా? పొద్దున ఎనిమిదింటికి గ్యాస్ అయిపోయి, ఇరవైమంది టోకెన్లు పట్టుకుని నిలబడితే ఎవరికి ఏం చెప్పారో, ఎవరికి డబ్బులు తిరిగి ఇచ్చారో, చివరికి ఏమైందో చెప్పండి. నాకైతే డిగ్రీ సర్టిఫికెట్‌కన్నా అదే బరువైన అర్హత. హిందీ, ఉర్దూ వస్తే అదీ చెప్పండి, అక్కడ రోజూ పనికొస్తాయి.

ఈ వారం అభ్యాసం. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే రావిర్యాల వండర్‌లాకి వెళ్లి, ఒక్క రైడ్ దగ్గర అరగంట నిలబడండి. ఎక్కడానికి కాదు, అటెండెంట్ చేతులు చూడటానికి. బార్ ఎన్నిసార్లు లాగి చూస్తున్నాడు, ఎత్తు చాలని పిల్లలతో ఏమంటున్నాడు, రాసుకోండి. వెళ్లలేనివాళ్లు ఫోన్ గోడకి ఆనించి పై జవాబుని వీడియో తీసుకోండి. మొదటిసారి చూసుకుంటే సిగ్గేస్తుంది, అందరికీ అంతే. అయిదోసారికి మీ కళ్లు కెమెరా వైపు తిరుగుతాయి.

వచ్చే పాఠం ఆఫర్ లెటర్ మీద. జీతంలో బేసిక్ ఎంత, అలవెన్సు ఎంత, రూమ్ ఎవరిది, తిండి ఎవరిది అన్నవి ఒక్కో లైనూ చదువుదాం. అందాకా ఎక్కడా సంతకం పెట్టకండి.