తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పాత ఇళ్ళలో బస: ముందుగా అడగవలసినవి, దిగాక పాటించవలసినవి

తిరుపతికి వచ్చే యాత్రికులలో ఎక్కువమందికి బస అంటే కొండ మీద దేవస్థానం వారి గది, అది దొరక్కపోతే బస్టాండు చుట్టుపక్కల లాడ్జి. ఈ రెండూ కాకుండా, తాతల నాడు కట్టిన ఇంట్లో, ఆ ఇంటివారు కాపురం ఉంటుండగానే ఒక గది తీసుకుని, ఉదయం వారు పెట్టే టిఫిన్ తిని బయలుదేరే పద్ధతి కూడా ఉంది. హోమ్‌స్టే అని, బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అని పిలిచే ఇలాంటి బసకు తిరుపతి పాత వీధులు, చంద్రగిరి, శ్రీకాళహస్తి, నారాయణవనం, కార్వేటినగరం వంటి చోట్లు తగినవి. గుడి చుట్టూనో కోట చుట్టూనో పెరిగిన ఈ ఊళ్ళలో మిద్దెలు, నడుమ ఆకాశం కనిపించే ఖాళీ (తొట్టి) వదిలి కట్టిన తొట్టి ఇళ్ళు, పెంకుటిళ్ళు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. అయితే లాడ్జిలో దిగినట్టే పాత ఇంట్లోనూ దిగితే అతిథికి సుఖం ఉండదు, ఇంటికి మేలూ జరగదు. సున్నం, టేకు, మట్టి, రాయి కలిపి కట్టిన ఇంటికి దాని నడత ఒకటి ఉంటుంది; అందులో బతుకుతున్న కుటుంబానికి మరొకటి ఉంటుంది. ఈ రెండింటినీ ముందే తెలుసుకుని గది ఖాయం చేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇంటివారు ఆ ఇంట్లోనే ఉంటున్నారా లేదా అన్నది. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం కింద ఇళ్ళకు గుర్తింపు ఇచ్చేటప్పుడు, యజమాని కుటుంబంతో సహా అక్కడే నివసించాలనీ, అతిథులకు ఇచ్చే గదులు ఆరుకు, మంచాలు పన్నెండుకు మించరాదనీ నియమం పెట్టింది. గుర్తింపు పొందిన ఇళ్ళను సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులుగా విభజిస్తుంది. నా అభిప్రాయంలో ఈ తరగతుల కన్నా యజమాని నివాసం అన్న నియమమే అతిథికి ఎక్కువ ఉపయోగపడుతుంది. యజమాని ఊళ్ళో లేని పాత ఇంట్లో పైకప్పు కారినా, బావి మోటారు ఆగినా, అర్ధరాత్రి ఫ్యూజు పోయినా పలికే దిక్కు ఉండదు. పైగా మనుషులు తిరగని పాత ఇల్లు తొందరగా పాడవుతుంది. కాబట్టి ఫొటోలు ఎంత బాగున్నా, ఫోను చేసి ఇంటివారితోనే మాట్లాడిన తర్వాతే అడ్వాన్సు పంపడం మంచిది.

ఆ ఫోనులో మొహమాటపడకుండా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. స్నానాల గది, మరుగుదొడ్డి గదికి ఆనుకుని ఉన్నాయా, పెరట్లో ఉన్నాయా? చాలా పాత ఇళ్ళలో అవి పెరట్లోనే ఉండేవి, తర్వాత ఏదో ఒక కొట్టుగదిని మార్చి లోపలికి తెచ్చి ఉంటారు. రాత్రిపూట లేచే పెద్దవారు వెంట ఉంటే ఈ ఒక్క ప్రశ్నతోనే బస సంగతి తేలిపోతుంది. గది కిందా, మిద్దె మీదా? మిద్దెమెట్లు నిటారుగా, ఇరుకుగా, చాలా చోట్ల పట్టుకునే కమ్మీ లేకుండా ఉంటాయి. ఏసీ, గీజరు ఉన్నట్లయితే వాటికి విడిగా లైను వేశారా, ఎర్తింగ్ ఉందా అని కూడా అడగాలి, ఎందుకంటే చెక్క పట్టీల మీద పోయే పాత వైరింగు ఫ్యానుకు, దీపానికి సరిపోతుందే గాని ఇంతంత బరువు మోయలేదు. కారు ఎక్కడ నిలపాలో, డ్రైవరు ఎక్కడ పడుకుంటాడో తేల్చుకోకుండా బయలుదేరవద్దు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులలో ఉత్సవం ఊరేగే వేళ బండి లోపలికి రానివ్వరు, వచ్చిన బండి బయటికి పోలేదు. అద్దె మనిషికా గదికా, అదనపు పరుపుకు ఎంత, టిఫిన్ అందులో కలిసిందా అన్నవి రాతపూర్వకంగా, ఒక మెసేజి రూపంలోనైనా తెప్పించుకోవాలి. అందరి గుర్తింపు కార్డులూ వెంట ఉంచుకోవాలి. విదేశీ పౌరసత్వం ఉన్న బంధువులెవరైనా ఉంటే ముందే చెప్పాలి, వారి వివరాలను ఇంటివారు ఇరవై నాలుగు గంటలలోగా ఫారం-సి ద్వారా అధికారులకు పంపవలసి ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. గదితోపాటు కొండ మీద దర్శనం టికెట్టు కూడా ఇప్పిస్తామని చెప్పేవారి దగ్గర బస ఒప్పుకోవద్దు. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దేవస్థానమే తన వెబ్‌సైటులో అమ్ముతుంది. ముందుగా అవి తీసుకుని, ఆ తేదీలను బట్టి గది చూసుకోవడమే సరైన వరుస.

కాలం విషయానికి వస్తే, ఈ ఇళ్ళలో ఉండడానికి డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్నివిధాలా అనుకూలం. ఏప్రిల్, మే నెలల ఎండకు మందపాటి గోడల ఇల్లు పగటిపూట లాడ్జి గది కన్నా చల్లగానే ఉంటుంది గాని, రోజంతా వేడి పీల్చిన మిద్దె రాత్రి దాన్ని కిందికి వదులుతుంది. కాబట్టి ఎండాకాలంలో కింది గది, లేదా తొట్టి పక్కన గాలి ఆడే గది అడగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలలో సున్నపు గోడకు చెమ్మ ఎక్కడం, గదిలో మట్టివాసన రావడం సహజం, దానికి కంగారు పడనక్కరలేదు. స్విచ్‌బోర్డు చుట్టూ తడి కనిపిస్తే మాత్రం వెంటనే చెప్పి గది మార్చమనాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి రోజులలో తిరుపతిలోను, మహాశివరాత్రికి శ్రీకాళహస్తిలోను, వినాయక చవితితో మొదలై ఇరవై ఒక్క రోజులు సాగే కాణిపాకం ఉత్సవాలకు చిత్తూరు వైపునా గదుల కోసం చాలా ముందుగా అడగవలసి వస్తుంది.

ఇంటికి చేరాక అతిథి చేయి మొదట పడేది తలుపు మీద. పాత వీధితలుపు రెండు రెక్కలది, బరువైనది; పైన కింద ఇనుప గడియలో, వెనక అడ్డగడియో ఉంటాయి. ఏళ్ళ తరబడి బరువుకు రెక్క కాస్త కుంగి, గడియ రంధ్రానికి ఎదురుగా రాదు. బలంగా లాగితే వీధి చివరిదాకా కిర్రుమంటుంది, లేదా గడియ వంగిపోతుంది. ఒక చేత్తో రెక్కను కొద్దిగా పైకెత్తి, రెండో చేత్తో గడియ జరిపితే చప్పుడు లేకుండా వస్తుంది. దిగిన సాయంత్రమే ఇంటివారి చేత ఒకసారి చూపించుకోవాలి, ఎందుకంటే తిరుమల యాత్రికుడు ఆ తలుపు తీయవలసింది చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే. సుప్రభాత సేవ తెల్లవారుజామున మూడు గంటలకు మొదలవుతుంది. ఘాట్ రోడ్డు రాత్రి కొన్ని గంటలపాటు మూసి ఉంటుంది, కొండ కింద అలిపిరిలో తనిఖీకి సమయం పడుతుంది. అలాంటి సేవకు టికెట్టు ఉన్నవారు ముందురోజే కొండ మీదికి చేరి అక్కడ ఉండడం మేలు, పాత ఇంటి బసను దర్శనం తర్వాతి రోజులకు పెట్టుకోవాలి. శ్రీవారి మెట్టు దారిన నడిచి ఎక్కదలచినవారికి మాత్రం చంద్రగిరి వైపు బస అనుకూలం, ఆ దారి శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలవుతుంది.

ఇక గోడలు, నేల, కప్పు. ఈ మూడింటి సంగతి తెలియకే మంచి మనసున్న అతిథులు కూడా ఇళ్ళను పాడు చేస్తారు. గానుగలో ఎద్దులచేత తిప్పించి నూరిన సున్నానికి బెల్లపు నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి, పొరలు పొరలుగా పూసి, రాయితో గంటల కొద్దీ రుద్ది నునుపు తెచ్చిన గార ఈ గోడలది. అరచేయి ఆనించి చూడండి, ఎండాకాలం మధ్యాహ్నం కూడా చల్లగా తగులుతుంది. ఆ గోడ చెమ్మను పీల్చి మళ్ళీ వదులుతుంది, అందుకే దానికి ఊపిరాడాలి. తడి తువ్వాళ్ళు, పంచెలు దాని మీద ఆనేట్టు ఆరేయకూడదు. జిగురుతో అంటించే కొక్కేలు, టేపులు పీకినప్పుడు వాటితో పాటు గార పెచ్చు లేస్తుంది. మేకు కొట్టడం గురించి చెప్పనే అక్కరలేదు. దీపం గూటిలో ఫోను చార్జింగుకు పెట్టవచ్చు గాని, అగరబత్తి, కొవ్వొత్తి వెలిగించాలంటే ఇంటివారిని అడగండి. నేల ఎర్ర గచ్చు అయితే సూట్‌కేసును చక్రాల మీద ఈడ్చకుండా ఎత్తి తీసుకుపోవాలి, చక్రంలో ఇరుక్కున్న ఇసుక రవ్వ గీసిన గీత మళ్ళీ పోదు. కడప బండ పరిచిన నేల సున్నపురాయి జాతిది కాబట్టి పులుపు దానికి శత్రువు. నిమ్మకాయ నీళ్ళు గాని, రసం గాని ఒలికితే అప్పుడే తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే నల్లని నిగారింపు మీద తెల్లని మచ్చ ఉండిపోతుంది. పడుకుని పైకి చూస్తే కప్పు కథ కనిపిస్తుంది. మద్రాసు టెర్రస్ అయితే టేకు దూలాల మీద పలచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నంతో కూర్చి ఉంటారు. అంతకన్నా పాత పల్లెటూరి మిద్దె అయితే దూలాలు, వాటికి అడ్డంగా వేసే సన్నటి వాసాలైన దంతెల మీద బండలో చెక్కలో పరిచి, పైన చౌడుమట్టి దట్టించి ఉంటారు. ఇలాంటి మిద్దె మీద పిల్లలు ఎగిరితే, పదిమంది ఒకేచోట గుమికూడితే కింద గదిలో మట్టి రాలుతుంది. వెన్నెట్లో పైన కూర్చోవాలని ఉంటే ఎక్కడ కూర్చోవచ్చో అడిగి కూర్చోండి.

ఈ కట్టడపు పనితనం మీద ఆసక్తి కలిగినవారు చంద్రగిరి కోటలోని రాజమహల్‌ను తప్పక చూడాలి. మూడంతస్తుల ఆ భవనాన్ని రాయి, ఇటుక, సున్నంతోనే, కలప అన్నదే వాడకుండా కట్టారు. ఇప్పుడు అందులో పురావస్తు శాఖ వారి ప్రదర్శనశాల ఉంది. దూలాల మీద నిలిచిన ఇంటి కప్పు కింద రాత్రి నిద్రపోయి, మరునాడు అక్కడి కమానుల కింద నిలబడితే, ఒకే సున్నం రెండు చోట్లా ఎంత వేర్వేరు పనులు చేస్తోందో పుస్తకాల సాయం లేకుండానే బోధపడుతుంది. బస చేసిన ఇంటిని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దగ్గరలో లేదని నా నమ్మకం.

టిఫిన్ సంగతి రాత్రి పడుకోకముందే తేలిపోవాలి. దోసెపిండి రుబ్బి పులియబెట్టాలి, పొంగలికి బియ్యం పెసరపప్పు కొలవాలి, పొద్దున లేచి అడిగితే కుదరదు. ఎంతమంది తింటారు, ఎన్ని గంటలకు, ఉల్లి, వెల్లుల్లి మానినవారు ఎవరైనా ఉన్నారా అని ఇంటి ఇల్లాలికి చెప్పి ఉంచాలి. ఈ ప్రాంతపు ఇళ్ళలో దోసెలోకి చెనిక్కాయల (వేరుశనగ) చట్నీ, ఎర్రకారం, పొంగలిలోకి సాంబారు దొరకడం మామూలు. లాడ్జి పక్కన హోటల్లో దొరికే పూరీ, కాఫీలే కావాలని పట్టుబట్టకుండా ఆ పూట ఇంటివారు తినేదే తినండి. వేరుగా వండించుకునే టిఫిన్ కన్నా అదే నిక్కంగా రుచిగా ఉంటుంది. శనివారాలు, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చే తమిళ పెరటాసి నెల శనివారాలలో, చాలా కుటుంబాలు ఒక్కపొద్దు ఉంటాయి. ఆ నెలంతా మాంసం ఇంట్లోకి రానివ్వనివారూ ఎక్కువే. బయటినుంచి బిర్యానీ పొట్లం తెచ్చుకునే ముందు, ఏ నెలలోనైనా సరే, ఒక మాట అడగాలి. మద్యం మాట ఎత్తకుండా ఉండడమే మర్యాద.

గడప తొక్కకుండా దాటడం, చెప్పులు అరుగు దగ్గరే విడవడం తెలుగువారికి చెప్పనక్కరలేదు. దేవుడి గది, వంటగది మాత్రం పిలిస్తేనే వెళ్ళవలసిన చోట్లు. మడి పాటించే పెద్దవారు ఉన్న ఇంట్లో పొద్దునపూట బావి దగ్గరికి, తులసికోట దగ్గరికి వెళ్ళే ముందు చూసుకుని నడవాలి. పెద్దావిడను అవ్వా అనో అమ్మా అనో, యజమానిని అన్నా అనో పలకరిస్తే చాలు, మాటలు వాటంతటవే సాగుతాయి. ఇల్లు ఎవరు కట్టించారు, దూలాలు ఎక్కడినుంచి వచ్చాయి, పంపకాలలో ఏ గది ఎవరికి పోయింది అన్న సంగతులు సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు వారే చెబుతారు. చివరిదాన్ని మాత్రం మీరుగా తవ్వి అడగవద్దు. పాత ఇళ్ళలో ఆ గాయాలు ఇంకా పచ్చిగా ఉండవచ్చు. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతర రోజులలో పాత వీధులలో దిగితే ఇంటివారికి తీరిక ఉండదు. జాతర వేషాలు కట్టిన భక్తులు ఇంటిముందుకు వచ్చినప్పుడు హారతులు, పసుపునీళ్ళు, బంధువుల రాకపోకలతో ఇల్లంతా నిండి ఉంటుంది. ఆ వారంలో అతిథి తన పనులు తాను చేసుకుంటూ, టిఫిన్ ఆలస్యమైనా ఓర్చుకోగలిగితేనే రావాలి, అలా ఓర్చుకోగలిగినవారికి మాత్రం అంతకు మించిన కాలం లేదు.

వెళ్ళేరోజు గదిని ఇంటివారితో కలిసి ఒకసారి చూసి, పగిలిందీ ఒలికిందీ ఏదైనా ఉంటే దాచకుండా చెప్పి, లెక్క చూసుకుని రశీదు తీసుకోండి. ఫిర్యాదు ఏదైనా ఉంటే ముందు యజమానికే చెప్పండి, కారే కప్పును, ఆగిన గీజరును బాగుచేయించగలిగేది ఆయనే. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో అభిప్రాయం రాసేటప్పుడు బాగుంది, బాగాలేదు అన్న మాటలతో సరిపెట్టకుండా, మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయి, స్నానాలగది ఎంత దూరం, బండి ఎక్కడ నిలిపారు, ఏ నెలలో ఉన్నారు అన్నవి రాస్తే తర్వాత వచ్చేవారికి పనికొస్తుంది. దేవుడి గది ఫొటోలు, ఇంటి పిల్లల ఫొటోలు వారి అనుమతి లేకుండా పెట్టవద్దు.