మూడు చక్రాల రిక్షా బండి మరమ్మతు: చప్పుడు ఒక చోట, జబ్బు మరో చోట

మాది నల్లగొండ. ఒక ఎండాకాలంలో పాత ఇనుము కొనే దుకాణం ముందు బోర్లా పడి ఉన్న సామాన్ల రిక్షా బండిని తూకం లెక్కన కొని ఇంటికి తెచ్చాను. ఒకప్పుడు బత్తాయిలు మోసిన బండి. పలకల సందుల్లో ఎండిన గింజలు ఇంకా ఉన్నాయి. దాన్ని బాగుచేసి, కూరగాయలకూ మొక్కల కుండీలకూ వాడుకోవాలని, వెనక మనవరాలు కూర్చునేలా ఒక పీట బిగించాలని నా ఆలోచన. మూడు నెలల పని అనుకున్నది పదకొండు నెలలు పట్టింది. అందులో సగం కాలం తప్పు చోట పానా పెట్టినందుకే పోయింది.

వీధి చివర సైకిళ్ళు బాగుచేసే చాచా మొదటి రోజే హెచ్చరించారు: "సార్, చైనూ పెడలూ ఉన్నాయని దీన్ని సైకిల్ అనుకోకండి. సైకిల్ మలుపులో ఒరుగుతుంది, ఇది ఒరగదు. సగం జబ్బులు అక్కడే పుడతాయి." తల ఊపాను కానీ నాకు అర్థమయ్యేసరికి వానాకాలం వచ్చింది. నాకు ఎదురైన తిప్పలను ఎదురైన వరుసలోనే రాస్తున్నాను.

నట్టు కదలదు, పెడలు ఊడదు

తుప్పే కారణమని వెంటనే నిర్ణయించకండి. ముందు మర ఏ దిక్కుకు ఉందో చూసుకోండి. ఎడమ పెడలుది ఎదురు మర, అంటే మామూలు నట్టు బిగించే దిక్కుకు తిప్పితేనే ఊడుతుంది. పెడళ్ళ ఇరుసుకు కుడివైపున, బేరింగు గుండ్లు కూర్చునే గిన్నె కూడా మామూలుగా ఎదురు మరే. ఇది తెలియక ఒక ఆదివారమంతా ఎడమ పెడలును విప్పుతున్నాననుకుని ఇంకా బిగించాను.

దిక్కు సరైనదే అయినా కదలకపోతే అప్పుడు తుప్పు. డీజిలు పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లవారి సుత్తితో నాలుగు పక్కలా మెల్లగా తట్టి, అప్పుడు పానా వేయండి. పానాకు గొట్టం తొడిగి బలం పెంచడం చివరి ఉపాయం. నట్టు మూలలు అరిగి గుండ్రమైతే లేత్ షాపుకు పోవడం తప్ప దారి లేదు.

విప్పిన చిన్న సామానుకు నేను పాత చింతపండు వాడాను. వేడినీళ్ళలో పిసికి, ఆ పులుసులో ఒక రాత్రి ఉంచితే తుప్పు నల్లటి బురదలా వదులుతుంది. తర్వాత వంటసోడా నీళ్ళలో ముంచి తీసి, గుడ్డతో తుడిచి, ఎండలో ఆరగానే నూనె పట్టించాలి. మా ఊరి బోరు నీళ్ళతో కడిగి ఊరికే వదిలేస్తే పైన తెల్లటి పొర, దాని కింద మళ్ళీ ఎర్ర తుప్పు. చైను, బేరింగు గుండ్లు, స్ప్రింగులను మాత్రం పులుపులో వేయవద్దు. గట్టి ఉక్కు అందులో నానితే పెళుసెక్కుతుంది.

తొక్కుతుంటే "టక్" మంటోంది

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. చప్పుడు కాళ్ళ కింద వినిపిస్తుంది, తీరా చూస్తే జబ్బు వెనక ఇరుసులో ఉంటుంది. ఇనుప గొట్టాల చట్రం చప్పుడును మోసుకుపోతుంది కాబట్టి చెవిని నమ్మి లాభం లేదు. లెక్క పెట్టాలి.

నా బండి ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక ఇరుసు మీది పళ్ళచక్రానికి, అంటే ఫ్రీవీలుకు, 22. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే ఇరుసు రెండు చుట్లు తిరుగుతుంది. చైనుకు 132 లింకులు, కాబట్టి పెడలు మూడు చుట్లు తిరిగితే చైను ఒక చుట్టు పూర్తవుతుంది. బండి వెనక భాగాన్ని ఇటుకల మీద ఎత్తి, చైనులో ఒక లింకుకు సుద్దముక్కతో గీత పెట్టి, చేత్తో మెల్లగా తిప్పాను. పెడలు చుట్టుకు ఒక్కసారే "టక్" వస్తే జబ్బు పెడళ్ళ దగ్గర. రెండుసార్లు వస్తే వెనక ఇరుసు బేరింగులో. మూడు చుట్లకు ఒకసారి వస్తే చైనులో ఒక లింకు బిగుసుకుపోయింది. మీ బండి పళ్ళు, లింకులు లెక్కపెట్టి ఇదే భాగహారం వేసుకోండి. ఎత్తి తిప్పినప్పుడు చప్పుడు రాకుండా, ఎక్కి తొక్కితేనే వస్తుంటే లెక్క అదే, కానీ బరువు పడితే కదిలే చోటు వెతకాలి.

పెడళ్ళ దగ్గరి జబ్బు చాలావరకు కాటర్ పిన్నుదే, అంటే పెడలు కాడను ఇరుసుకు బిగించే పిన్నుది. ఒక కాలితో పెడలును నొక్కి పట్టి, రెండో పెడలును చేత్తో ఊపి చూడండి. కొద్దిగా ఆడినా పిన్ను అరిగినట్టే. ఒక్కటే కాకుండా రెండూ మార్చండి. కొత్త పిన్ను కొట్టేటప్పుడు పెడలు కాడ కింద గట్టి ఇనుప గొట్టం ఆనించాలి, లేకపోతే ఆ దెబ్బలన్నీ బేరింగు గిన్నెలు తింటాయి. పిన్నును సుత్తితో దిగ్గొట్టి, ఆ తర్వాతే నట్టు బిగించాలి. నట్టుతో లాగి దింపుదామనుకుంటే మర తెగుతుంది. రెండు పెడళ్ళు ఒకే గీతలో రాకుండా వంకరగా కనిపిస్తే ఒక పిన్నును తిరగేసి పెట్టారని గుర్తు. పది, ఇరవై కిలోమీటర్లు తొక్కాక ఇంకోసారి కొట్టి బిగించండి.

అక్కడ తేలకపోతే పెడళ్ళ ఇరుసు విప్పాలి. నా బండిలో గ్రీజు ఉండాల్సిన చోట గోధుమ రంగు జిగురు కనిపించింది. ఎవరో ఆముదం పోశారు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన రాయడం మన దగ్గర పాత అలవాటు. పాలమూరు, నల్లగొండ నేలలు ఆముదం పండినవి కూడా కదా. మెల్లగా తిరిగే కర్ర చక్రానికి అది చక్కగా సరిపోయింది. గుండ్ల బేరింగులో మాత్రం దుమ్ముతో కలిసి బంకలా పట్టేస్తుంది. డీజిలుతో కడిగి, పాత గుండ్లన్నీ పారేసి, పక్కకు 11 చొప్పున పావు అంగుళం గుండ్లు కొత్తవి వేశాను. పాతవాటిలో బాగున్నవి ఏరి కొత్తవాటితో కలపకండి. వెంట్రుకవాసి పెద్దదైన గుండు మీదే బరువంతా పడుతుంది. గిన్నెలో గుంటలు పడి ఉంటే గిన్నె కూడా మార్చాల్సిందే.

చైను అరిగిందో లేదో తెలుసుకోవడానికి స్కేలు చాలు. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. మరో అంగుళంలో ఎనిమిదో వంతు సాగితే మార్చే సమయం దాటిపోయినట్టే. అప్పటికి ఫ్రీవీలు పళ్ళు కూడా కొడవలి మొనల్లా వంగి ఉంటాయి. వాటి మీద కొత్త చైను వేస్తే జారుతుంది. రెండూ కలిపి మార్చాలి.

తొక్కడం మొదలుపెట్టినప్పుడు మాత్రమే ఒక్కసారి "టక్" మని, తర్వాత ఏ చప్పుడూ లేకపోతే పై లెక్కలేవీ పనికిరావు. ఇరుసూ చక్రమూ కలిసి తిరిగేలా వాటి మధ్య పెట్టే చిన్న ఇనుప ముక్క, కీ, అరిగింది. లేత్ షాపులో కొత్తది చేయించుకోండి.

బండి ఒక పక్కకు లాగుతోంది

దీనికి నేను హ్యాండిలు మూడుసార్లు విప్పాను. అనవసరమైన పని. ఇలాంటి రిక్షా బండ్లలో సాధారణంగా వెనక రెండు చక్రాల్లో ఒక్కటే ఇరుసుతో పాటు తిరుగుతుంది, రెండోది ఊరికే దొర్లుతుంది. రెండూ ఇరుసుకు బిగిస్తే మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి ఒకటి ఈడ్చుకుంటుంది. బలం ఒక పక్క చక్రానికే అందితే బండి రెండో పక్కకు మళ్ళాలని చూస్తుంది. నా బండిలో ఎడమ చక్రం బలం తీసుకుంటుంది, గట్టిగా తొక్కితే కుడికి లాగుతుంది. అది దాని స్వభావం. జబ్బు కాదు.

పరీక్ష సులువే. చదునైన చోట వేగం అందుకుని తొక్కడం ఆపేయండి. లాగడం ఆగిపోతే మరమ్మతు ఏమీ లేదు, హ్యాండిలును చేత్తో సర్దుకోవడమే. రోడ్డు మీద ఈ పరీక్ష చేయకండి. వాన నీరు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా వేస్తారు. ఎడమ పక్కన పోయే ఏ బండైనా కొంత ఎడమకే జారుతుంది. నేను మా ఊరి ఎన్.జి. కాలేజీ మైదానంలో తెల్లవారుజామున చూసుకున్నాను.

తొక్కకపోయినా లాగుతుంటే ముందు రెండు వెనక టైర్ల గాలి సరిచూడండి. తర్వాత ఒక తాడు తీసుకుని పెడళ్ళ ఇరుసు నడుమ నుంచి వెనక ఇరుసు ఎడమ కొనకూ, కుడి కొనకూ కొలవండి. నా బండికి రెండు వేళ్ళ వెడల్పు తేడా వచ్చింది. ఇరుసును పట్టి ఉంచే బోల్టులు వదులై ఒక పక్క జరిగింది. చైను మాటిమాటికీ పడిపోవడానికీ అదే కారణం. ఇరుసు సరిచేసి బోల్టులు బిగించగానే రెండు జబ్బులూ ఒకేసారి పోయాయి.

మలుపులో ఒక చక్రం లేస్తోంది, చక్రం పుల్లలు తెగుతున్నాయి

రెండు లక్షణాలకూ కారణం ఒకటే, చాచా చెప్పిన ఒరగకపోవడం. సైకిల్ చక్రం మీద బరువు దాదాపు నిలువుగానే పడుతుంది. ఈ బండి మలుపులో నిటారుగా ఉంటుంది కాబట్టి చక్రాన్ని పక్క నుంచి తోస్తుంది. పుల్ల చక్రం నడిమి హబ్బు దగ్గర వంపులో తెగుతుంది. తెగిన పుల్లలను ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే అంతుండదు. నేను అలా తొమ్మిది మార్చాను. చివరికి సైకిల్ చక్రాలు తీసేసి, లావు పుల్లల రిక్షా చక్రాలే వేయించాను. పుల్లలు బిగించేటప్పుడు ఒక్కోదాన్ని అర చుట్టుకు మించి తిప్పకండి. వేలితో మీటితే ఒకే పక్క పుల్లలన్నీ ఇంచుమించు ఒకే శ్రుతి పలకాలి. ఒకటి మొద్దుగా పలికితే అది వదులు.

చక్రం లేవడానికి నేను పెట్టిన హంగులే కారణం. ఎండకు నీడ కోసం రేకు కప్పు, దాని కింద ఎత్తైన పెట్టె. చూడటానికి ముచ్చటగా ఉంది. మొదటి మలుపులోనే లోపలి చక్రం నేల విడిచింది. మూడు చక్రాలు నేలను తాకే చోట్లను గీతలతో కలిపితే త్రిభుజం వస్తుంది. బరువు ఎంత ఎత్తున ఉంటే మలుపులో దాని తోపుడు అంత తొందరగా ఆ గీత దాటుతుంది. త్రిభుజం ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. అందుకే బరువు కిందుగా, వెనక ఇరుసుకు కొంచెం ముందుగా ఉండాలి. ఇరుసు వెనక్కు పోతే ముందు చక్రం తేలుతుంది. రేకు కప్పు తీసి గుడ్డ కప్పు వేశాను, పెట్టెను జానెడు కిందికి దించాను. మనవరాలి పీట ఇరుసుకు బెత్తెడు ముందుకు వచ్చింది.

నాలుగు రోజులకో పంక్చర్

చిల్లు ట్యూబుకు ఏ పక్కన ఉందో చూడండి. రిమ్ము పక్కనైతే పుల్ల కొన గుచ్చుకుంటోంది. కొన అరగదీసి, రిమ్ము చుట్టూ కొత్త పట్టీ వేయండి. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై రిమ్ము నొక్కింది. నేల పక్కనైతే పల్లేరు గాయో, సర్కారు తుమ్మ ముల్లో. దాని మొన టైరు లోపల విరిగి ఉంటుంది. వేలితో తడమకండి. కొంచెం దూది టైరు లోపల రాస్తూ పోతే ముల్లు ఉన్న చోట దారాలు చిక్కుకుంటాయి.

బ్రేకు పట్టడం లేదు

రిమ్ము తుప్పు రుద్ది, రబ్బర్లు మార్చితే ముందు బ్రేకు దారికొస్తుంది. వెనక ఇరుసుకు పట్టీ బ్రేకు కూడా వేయించాను. నొక్కితే బండి ఎడమకు తిరిగింది. ఇరుసుతో తిరిగేది ఎడమ చక్రం ఒక్కటే కాబట్టి ఆగేదీ అదొక్కటే. ఇప్పుడు దాన్ని బండి నిలిపినప్పుడు దొర్లకుండా ఉండటానికే వాడుతున్నాను. మోటారు పెట్టమని సలహా ఇచ్చేవారికి నా జవాబు కూడా ఈ బ్రేకే: సరిగ్గా ఆగని బండికి వేగం ఎందుకు?

రంగు ముడతలు పడింది, బుడగలు లేచాయి

మే నెలలో మిట్టమధ్యాహ్నం వేశాను. 44 డిగ్రీల ఎండలో రంగు పైపొర చర్మంలా ఆరిపోయి, లోపలిది తడిగా ఉండిపోయి ముడతలు పడింది. మందంగా పూసినా ఇదే జరుగుతుంది. గీకేసి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ అడుగుపూత వేసి, పొద్దున్నే నీడలో పలుచగా రెండు పూతలు వేస్తే నిలిచింది. బుడగలకు కారణం అడుగున మిగిలిన తుప్పో తేమో. పాత రంగును పొడిగా గీకవద్దు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు రంగులో ఎంత ఉందో ఎవరు చూశారు? నీళ్ళు చల్లుతూ రుద్దండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి.

అంతా అయ్యాక ఒక కిర్రు

ఇరుసు కాదు, చైను కాదు. మనవరాలు కూర్చుంటేనే వచ్చేది. పీట పలక ఇనుప చట్రానికి రాసుకుంటోంది. పాత ట్యూబును పట్టీలుగా కోసి మధ్యలో పెట్టి, బోల్టులు మళ్ళీ బిగించాను. పోయింది.