ర్యామ్ ఒకటి కాదు, రెండు అడగండి

తిరుపతిలో తక్కువ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ కట్టించుకోవాలనుకునే తమ్ముళ్లకు ఒక మాట. గ్రాఫిక్స్ కార్డుకు ఇప్పుడే డబ్బు చాలకపోతే, రైజెన్ 5 5600జీ లాంటి, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ తీసుకోండి. కానీ 16 జీబీ ర్యామ్ ఒకే స్టిక్కుగా ఇస్తామంటే ఒప్పుకోవద్దు, 8 జీబీవి రెండు అడగండి. ఆ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్కులుంటే డేటాకు రెండు దారులు దొరుకుతాయి. ఆటలో ఆ తేడా కంటికే తెలుస్తుంది. మదర్‌బోర్డు మీద ర్యామ్‌కు నాలుగు స్లాట్లుంటే మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. అయినా మాన్యువల్ ఒకసారి చూసుకోండి. బయాస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 3200 వేగం ర్యామ్ కూడా మామూలుగా తక్కువ వేగంతోనే నడుస్తుంది, అంగట్లోనే చేయించుకోండి.

ఇంకోటి, క్యాబినెట్‌తో ఊరికే వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ని (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెని) నమ్మొద్దు. రేపు గ్రాఫిక్స్ కార్డు వేసుకునేటప్పుడు మళ్లీ ఖర్చు కాకుండా ఇప్పుడే మంచి కంపెనీది, 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందని ఇచ్చే గుర్తు) ఉన్నది తీసుకోండి. రంగు లైట్ల డబ్బు ఇక్కడ పెట్టండి. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి కదా, లోపలికి గాలి ఆడాలంటే క్యాబినెట్‌కు ముందువైపు అద్దం కాదు, జాలీ ఉండాలి.