విశాఖ ఉక్కపోతలో ఊడిపోయిన ఎపాక్సీ: కారు షెడ్డు గచ్చు ఎలా బాగుచేయించానంటే

మాది విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇల్లు. కారు షెడ్డులో గచ్చు మీద పాత ఎపాక్సీ పూత (గట్టిపడే రెజిన్ పూత) బుడగలు లేచి, వేడి టైర్లకు అంటుకుని పెచ్చులుగా ఊడొచ్చేసింది. పెయింట్ మార్చమని అందరూ అన్నారు. నా అనుమానం కింద ఉన్న కాంక్రీటు మీద.

18 అంగుళాల చదరపు పాలిథిన్ షీటు గచ్చు మీద పరిచి, నాలుగంచులా టేపు వేసి, 16 గంటలు దాటేదాకా కదపలేదు. తీస్తే అడుగున నీటి చుక్కలు. నేలలోంచి తేమ పైకి వస్తుంటే ఎంత ఖరీదైన పూతైనా లేచిపోతుంది మరి!

పాత పూతతోపాటు సిమెంటు పాలపొర (కాంక్రీటు పైన పేరుకునే బలంలేని పలచని పొర) కూడా పోయేదాకా డైమండ్ గ్రైండర్ పట్టించాను. యాసిడ్‌తో కడగడం వద్దన్నాను, తడిసిన గచ్చు ఇక్కడ ఓ పట్టాన ఆరదు. తర్వాత తేమను ఆపే ఎపాక్సీ ప్రైమర్, దానిమీద సాల్వెంట్ లేని ఎపాక్సీ. ఎండ తగిలితే ఎపాక్సీ పసుపెక్కుతుంది కాబట్టి చివరి కోటు పాలీయురేథేన్. తడి చెప్పులు జారకుండా అందులో కాస్త సన్న ఇసుక.

అసలు టెన్షన్ రోజు ఎంచుకోవడంలోనే. గచ్చు వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. లేదంటే పైన జిడ్డు పొర కట్టి, తర్వాతి కోటు పట్టదు. అందుకే జనవరి మధ్యాహ్నాల్లో వేయించాను.

వానకాలం గడిచింది, ఎక్కడా పెచ్చు లేవలేదు. గేటు దగ్గర పాత పగులు మాత్రం సన్నగా మళ్లీ కనిపిస్తోంది.