మోడల్ డీజిల్ ఇంజిన్‌లో సౌండు సరిగ్గా రావడం లేదా? డికోడర్‌ను మార్చే ముందు ఇవి చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు హెచ్‌ఓ స్కేలు (అసలు దానిలో 87వ వంతు సైజు) మోడల్ రైలు ఇంజిన్లలో సౌండు పెట్టుకునే మిత్రులకు ఏ చిన్న తేడా వచ్చినా మొదట డికోడర్ మీదే అనుమానం. కంట్రోలర్ ఆదేశాలు అందుకుని మోటార్‌నూ, సౌండునూ నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు అది. నేను చూసినంతలో డికోడర్ పోవడం తక్కువ. తప్పు ఎక్కువగా స్పీకర్ బాక్సులోనో, చక్రాల మురికిలోనో ఉంటుంది. డికోడర్ ఖరీదైన వస్తువు, ఊళ్లో దొరికేదీ కాదు. అందుకే దాని దాకా వెళ్లే ముందు మిగతావన్నీ చూసేయాలి.

బండి నడుస్తోంది, సౌండు అసలు లేదు

ముందు కంట్రోలర్ మీద ఎఫ్8 బటన్ నొక్కండి. చాలా డికోడర్లలో సౌండు ఆన్, ఆఫ్ చేసేది అదే. తర్వాత వాల్యూమ్ చూడండి, అది డికోడర్‌లో సీవీ అనే సెట్టింగ్ నంబర్‌లో ఉంటుంది: ఈఎస్‌యూ లోక్‌సౌండ్‌లో సీవీ 63, సౌండ్‌ట్రాక్స్ సునామీలో సీవీ 128. రెండూ బాగుంటే పవర్ ఆపి, స్పీకర్ వైర్లు విడదీసి మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్స్ స్పీకర్ సుమారు 7 చూపిస్తుంది, ప్రోబ్ తగిలినప్పుడు చిన్నగా టిక్ మంటుంది. రీడింగే లేకపోతే కాయిల్ తెగినట్టు.

కొత్త స్పీకర్ కోసం మొబైల్ రిపేరు షాపులో అడగొచ్చు, కానీ ఓమ్స్ కొలిచి కొనండి. డికోడర్ కనీసం 8 ఓమ్స్ కావాలంటే 4 ఓమ్స్‌ది పెట్టకూడదు. రెండు 8 ఓమ్స్ స్పీకర్లు ప్యారలల్‌లో కలిపినా 4 ఓమ్సే అవుతుంది. సిరీస్‌లో కలిపితే 16.

సౌండు పాత పాకెట్ రేడియోలా పీలగా ఉంది

నన్ను బాగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే మంచి డికోడర్ కొని కూడా చాలామంది దీనితోనే సరిపెట్టుకుంటారు. కారణం గాలి. స్పీకర్ పొర ముందుకు కదిలితే ముందువైపు గాలి నొక్కుకుంటుంది, అదే సమయంలో వెనకవైపు పలచబడుతుంది. మధ్యలో అడ్డు లేకపోతే రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపేస్తాయి. ముందుగా పోయేది బేస్. డీజిల్ ఇంజిన్‌కు ప్రాణం అదే కదా.

స్పీకర్ వెనక గాలి చొరబడని బాక్సు ఉండాలి. 1 మి.మీ. ప్లాస్టిక్ షీటుతో చేసుకోవచ్చు. బాడీలో చోటున్నంత పెద్దది చేయండి. వైర్లు బయటికి వచ్చే రంధ్రాన్ని కూడా మూసేయాలి, ఎక్కువమంది మరిచిపోయేది అక్కడే. స్పీకర్ అంచుకు ఫెవిక్విక్ వాడకండి, దాని ఆవిరి పొర మీద తెల్లగా పేరుకుంటుంది. ఫెవికాల్ సన్నగా పూసి రాత్రంతా ఆరనిస్తే చాలు. మన ఎండాకాలంలో డబుల్ సైడ్ టేప్‌ను నమ్ముకోవద్దు, వేడికి వదిలేస్తుంది.

పరీక్ష సులభం. హారన్ మోగిస్తూ బాక్సు అతుకుల మీద వేలు అడ్డం పెట్టి చూడండి. ఎక్కడ వేలు పెట్టినప్పుడు సౌండు నిండుగా మారిందో అక్కడ గాలి పోతోంది.

రెండు స్పీకర్లు పెట్టాక బేస్ ఇంకా తగ్గిందా? ఒకదాని వైర్లు తిరగేసి అతికించండి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కదులుతున్నాయి.

గరగర

వాల్యూమ్ సగానికి తగ్గించండి. గరగర పోతే స్పీకర్ తట్టుకోలేకపోతోంది, అక్కడే ఉంచండి. పోకపోతే బాడీ తీసి నడపండి. అప్పుడు ఆగిందంటే స్పీకర్ పొరకో, బాక్సుకో బాడీ తగులుతోంది. బాడీ తీసినా ఆగలేదంటే అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుందేమో చూడండి. ఆకురాయి పట్టేటప్పుడు స్పీకర్‌ను దూరంగా పెట్టడం మేలు.

పాయింట్ల మీద (పట్టాలు చీలే చోట) ఇంజిన్ మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవుతోంది

కరెంటు ఒక్క క్షణం తెగినా డికోడర్ రీస్టార్ట్ అయి స్టార్టింగ్ సౌండు మళ్లీ మోగిస్తుంది. టిష్యూ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, పట్టాల మీద పరిచి, దాని మీద చక్రాలు తిప్పండి. టిష్యూ మీద నల్లటి గీతలు పడడం ఆగేదాకా చేయండి. తర్వాత అన్ని చక్రాల నుంచి కరెంటు అందుతోందో లేదో చూడండి. ఇంకా ఆగుతుంటే తెగిన ఆ క్షణం డికోడర్‌కు కరెంటు ఇచ్చే కీప్-అలైవ్ కెపాసిటర్ పెట్టాలి. అది పెట్టాక ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు మార్చే విడి పట్టా) మీద సీవీలు చదవడం కొన్నిసార్లు కుదరదు, టెన్షన్ పడకండి.

పవర్ ఇవ్వగానే షార్ట్ లేదా కాలిన వాసన

వెంటనే ఆపేయండి. పాత ఇంజిన్లలో మోటార్ బ్రష్ ఒకటి ఛాసిస్‌కు కలిసి ఉంటుంది. డీసీసీలో, అంటే డికోడర్‌తో నడిపే డిజిటల్ పద్ధతిలో, అది డికోడర్‌ను కాల్చేస్తుంది. కొత్త డికోడర్ కలిపే ముందు, మోటార్ రెండు కొసలకూ ఛాసిస్‌కూ మధ్య, అలాగే చక్రాలకూ మధ్య మల్టీమీటర్ బీప్ రాకూడదు. వస్తే మోటార్‌ను కాప్టన్ టేప్‌తో (కరెంటు పారనివ్వని, వేడి తట్టుకునే టేప్) వేరుచేయండి. ఆరెంజ్, గ్రే వైర్లు మోటార్‌కే, ఎరుపు, నలుపు పట్టాలకే వెళ్లాలి.

సౌండు బాగానే ఉంది, కానీ మన ఇంజిన్‌లా లేదు

డికోడర్‌లో సౌండు ఫైల్ వేరేది పడింది. రేణిగుంటలో గుత్తి షెడ్డు ఆల్కోలు (అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్ డీజిల్ ఇంజిన్లు) బరువు లాగుతుంటే విన్న చెవికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. మన రైల్వే డీజిల్ డబ్ల్యూడీఎం-2లో ఉన్నది 16 సిలిండర్ల ఆల్కో 251బీ, నాలుగు స్ట్రోకుల ఇంజిన్, 2600 హార్స్‌పవర్. డబ్ల్యూడీజీ-4లో ఈఎండీ 710, అది రెండు స్ట్రోకులది. ఒకదాని సౌండు మరోదానికి సరిపోదు. అమెరికన్ ఫైళ్లలో ఆల్కో అని కనిపించినంత మాత్రాన తీసుకోకండి, 244, 539 కూడా ఆల్కోవే. 16 సిలిండర్ల 251నే ఎంచుకోండి. హారన్ అమెరికాదే మోగుతుంది కాబట్టి, లోక్‌సౌండ్ అయితే లోక్‌ప్రోగ్రామర్‌తో (డికోడర్‌ను కంప్యూటర్‌కు కలిపే పరికరం) మన హారన్ రికార్డింగ్ ఎక్కించుకోవచ్చు.